బైండింగ్ ఎర్లీ డెసిషన్, హెచ్‌4 వీసా: సంతకానికి ముందు తేలాల్సిన లెక్క

అడ్మిషన్ల సలహాదారులుగా మేం చూసిన ఒకే తరహా కుటుంబాల వివరాలు కలిపి, ఎవరూ గుర్తుపట్టే వీల్లేకుండా మార్చి రాసిన కేసు ఇది. గడువులు, నిబంధనలు 2025-26 అడ్మిషన్ల సీజనువి.

విద్యార్థిని టెక్సస్‌లోని ఫ్రిస్కో ప్రాంతంలో పబ్లిక్ హైస్కూల్ సీనియర్. కంప్యూటర్ సైన్స్ చదవాలని కోరిక. 550 మంది క్లాసులో ర్యాంకు 41, అంటే పై నుంచి ఏడున్నర శాతం దగ్గర. నాన్న హెచ్‌1బీ మీద ఉన్నారు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది కానీ గ్రీన్ కార్డు క్యూ కదలడం లేదు. అమ్మ హెచ్‌4 (హెచ్‌1బీ ఉన్నవాళ్ల భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా) మీద ఉన్నారు, ఈఏడీ అనే పని అనుమతితో ఉద్యోగం చేస్తున్నారు. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 1,90,000 డాలర్లు. తమ్ముడు ఇక్కడే పుట్టాడు, ఆరో క్లాసు. అమ్మాయి హెచ్‌4. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉంది, దాని సంగతి తర్వాత వస్తుంది.

సెప్టెంబర్ రెండో వారానికే ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది: అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీకి ఈడీ (ఎర్లీ డెసిషన్, సీటు వస్తే చేరి తీరతామని ముందే మాటిచ్చి వేసే అప్లికేషన్) వేయాలి, ఎయిడ్ (ఆర్థిక సాయం) అడగకూడదు. నాన్న మాట ఒక్కటే: "ముందు సీటు రానివ్వండి, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం." కేసు మొత్తం ఈ వాక్యం చుట్టూ తిరిగింది.

సంతకంలో ఏముంది

చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో ఆ కాలేజీ ప్రశ్నల్లో అడ్మిషన్ ప్లాన్ దగ్గర ఎర్లీ డెసిషన్ ఎంచుకోగానే ఒక ఒప్పంద పత్రం తెరుచుకుంటుంది. దాని మీద మూడు సంతకాలు పడాలి: విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సెలర్. తల్లిదండ్రులకూ కౌన్సెలర్‌కూ వాళ్ల ఫారం ఈమెయిల్‌లో వెళ్తుంది. నవంబర్ 1 రాత్రి పదకొండింటికి పిల్ల సబ్మిట్ నొక్కాక, నాన్న సంతకం చేయాల్సిన ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉందని తెలియడం ఏటా చూసే దృశ్యమే.

పత్రంలో ఉన్నవి నాలుగు ముక్కలు. ఒకేసారి ఒక్క కాలేజీకే ఈడీ వేయాలి. సీటు వస్తే చేరాలి, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఎయిడ్ కోసం అప్లై చేసిన విద్యార్థికి చదువు సాధ్యమయ్యేంత సాయం రాకపోతే సీటు కాదనవచ్చు, ఒప్పందం నుంచి విడుదల పొందవచ్చు. ఎయిడ్ అడిగిన విద్యార్థి, ఆ సాయమెంతో తెలిసేదాకా మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోనక్కర్లేదు.

చివరి రెండూ మళ్లీ చదవండి. రెండింటికీ షరతు ఒక్కటే: ఎయిడ్ కోసం అప్లై చేసి ఉండాలి.

"ఇదేం చట్టమా, కోర్టుకు లాగుతారా?" అని ప్రతి కుటుంబమూ అడుగుతుంది. ఈడీ తప్పారని కాలేజీ విద్యార్థిని కోర్టుకు లాగడం వినం. దెబ్బ తగిలేది వేరేచోట. కౌన్సెలర్ సంతకం చేశారు కాబట్టి మాట పోయేది స్కూలుకు. చాలా స్కూళ్లు ఈడీ సీటు వచ్చాక ఇతర కాలేజీలకు ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ పంపవు. 2025లో తులేన్ యూనివర్సిటీ, ఒక విద్యార్థి ఈడీ మాట తప్పినందుకు, కొలరాడోలోని ఒక ప్రైవేట్ హైస్కూల్ నుంచి ఏడాదిపాటు ఈడీ అప్లికేషన్లే తీసుకోబోమని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఈడీ పద్ధతి పోటీని చంపుతోందంటూ 32 కాలేజీల మీద, కామన్ యాప్ మీద మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. "కేసు పడిందిగా, ఇక బైండింగ్ కాదుగా" అనే వాట్సాప్ మెసేజ్ అప్పటినుంచి తిరుగుతోంది. దావా పడినంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు.

ఎయిడ్ పెట్టె

ఎయిడ్ అడిగితే సీటు రాదేమోనన్న నాన్న భయంలో నిజం లేకపోలేదు. ఆర్థిక స్తోమత చూడకుండా విదేశీ విద్యార్థులను తీసుకునే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడన్, బ్రౌన్ వంటివి. మిగతా చోట్ల ఎయిడ్ అడిగితే అది నిర్ణయంలో ఒక అంశం అవుతుంది. ఇక్కడే పన్నెండేళ్లు చదివినా హెచ్‌4 పిల్లలను చాలా ప్రైవేట్ కాలేజీలు ఎయిడ్ విషయంలో విదేశీ విద్యార్థుల గుంపులోనే కలుపుతాయి. ఫెడరల్ ఎయిడ్ అప్లికేషన్ అయిన ఫాఫ్సాకు అర్హత లేదు, ఫెడరల్ లోన్ లేదు. పిల్లకు అర్హత లేదు కాబట్టి తల్లిదండ్రులకు పేరెంట్ ప్లస్ లోనూ లేదు. ప్రైవేట్ లోన్ ఇచ్చే బ్యాంకులు సాధారణంగా సిటిజన్‌నో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనో పూచీ అడుగుతాయి.

అయినా "ఎయిడ్ వద్దు" అని టిక్కు పెట్టి ఈడీ వేస్తే రెండు తలుపులు ఒక్కసారే మూసుకుంటాయి. విడుదల నిబంధన వర్తించదు. పైగా, అడ్మిషన్ సమయంలో ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థి తర్వాతి నాలుగేళ్లలో ఎప్పుడూ అడగకూడదన్న నియమం చాలా కాలేజీల్లో ఉంది. తర్వాత చూసుకుందామంటే, చూసుకునే తర్వాతంటూ ఉండదు.

అందుకే మొదటిసారి కూర్చున్నప్పుడు వ్యాసాలు, యాక్టివిటీలు ఏవీ ముట్టుకోకుండా కాగితం మీద లెక్క వేశాం. కుటుంబం ఏటా తీయగలిగింది: చదువు కోసం పొదుపు చేసే 529 ప్లాన్‌లో ఉన్న 60,000ను నాలుగు భాగాలు చేస్తే 15,000, జీతాల్లోంచి 25,000, ఇంటి మీద లైన్ ఆఫ్ క్రెడిట్ నుంచి 8,000. మొత్తం 48,000 డాలర్లు. కాలేజీ మొదటి ఏడాది ఖర్చు, హాస్టల్, తిండి, పుస్తకాలు, ప్రయాణాలతో కలిపి 92,000. ఫీజులు ఏటా 4 శాతం పెరుగుతాయనుకుంటే నాలుగేళ్లకు 92,000, 95,680, 99,507, 103,487. కలిపితే 3,90,674. కుటుంబం దగ్గర ఉన్నది 1,92,000. సగం కూడా లేదు.

ఈ కాగితం చూశాక "ఎయిడ్ వద్దు" అన్న మాట మళ్లీ రాలేదు. మిగిలింది రెండే దారులు: ఎయిడ్ అడిగి ఈడీ వేయడం, లేదా ఈడీయే మానేయడం. మా సలహా రెండోది. అమ్మాయి మొదటిదే కావాలంది. ఈడీలో సీట్లు తేలిగ్గా వస్తాయన్న లెక్క ఆమె దగ్గర ఉంది. సగం క్లాసును, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువను, ఈడీలోనే నింపే కాలేజీలున్న మాట నిజమే. కానీ ఆ గుంపులో రిక్రూట్ అయిన క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లను తీసేస్తే తేడా పైకి కనిపించినంత పెద్దది కాదు.

నాలుగు ప్రశ్నలు

కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ సిటిజన్లకూ గ్రీన్ కార్డు వాళ్లకూ తయారైంది. హెచ్‌4 కుటుంబం అంకెలు వేస్తే అది చక్కటి సమాధానమే ఇస్తుంది, ఆ సమాధానం వీళ్లకు పనికిరాదు. కాబట్టి సెప్టెంబర్‌లోనే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు అమ్మాయి పేరుతో ఈమెయిల్ వెళ్లింది. ఫోన్‌లో అడగొద్దన్నాం, జవాబు రాతలో ఉండాలి.

అడిగినవి ఇవి. టెక్సస్‌లో చదువుతున్న హెచ్‌4 విద్యార్థిని అడ్మిషన్లో, ఎయిడ్‌లో ఏ గుంపులో చూస్తారు? ఇప్పుడు ఎయిడ్ అడగకపోతే తర్వాత అడగొచ్చా? మధ్యలో గ్రీన్ కార్డు వస్తే ఎయిడ్ మళ్లీ లెక్కిస్తారా? ఈడీకి ముందే ఎంత సాయం రావచ్చో అంచనా ఇస్తారా?

వారంలో జవాబు వచ్చింది. విదేశీ గుంపే. తర్వాత అడగడానికి లేదు. గ్రీన్ కార్డు వస్తే ఆ తర్వాతి విద్యా సంవత్సరం నుంచి ఫెడరల్ ఎయిడ్ పరిశీలిస్తారు. అంచనా ఇస్తారు, కానీ కాగితాలు అక్టోబర్ 10 లోపు చేరాలి.

ఈ నాలుగోదే చేజారింది. రెండేళ్ల కిందటి టాక్స్ రిటర్నులు, జీతం స్లిప్పులు సిద్ధంగానే ఉన్నాయి. కూకట్‌పల్లి ఫ్లాట్ విలువ రాయాలా అక్కర్లేదా అని ఇంట్లో రెండు వారాలు తర్జనభర్జన పడ్డారు. గడువు దాటిపోయింది. ఈ కేసులో మేం గట్టిగా పట్టుబట్టాల్సిన చోటు అదే, పట్టుబట్టలేదు. అంచనా అక్టోబర్‌లో వచ్చి ఉంటే డిసెంబర్ కథంతా ఉండేదే కాదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

అక్టోబర్ పనులు

ఈడీతోపాటు బైండింగ్ కాని ఎర్లీ యాక్షన్ (ముందే అప్లై చేసి, చేరతామన్న మాట ఇవ్వకుండానే ముందే ఫలితం తెలుసుకునే పద్ధతి) వేసుకోవచ్చు, పబ్లిక్ యూనివర్సిటీలకైతే మరీ నిశ్చింతగా. ముట్టుకోకూడనివి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌ల నియంత్రిత ఎర్లీ యాక్షన్లు. అవి బైండింగ్ కాకపోయినా వేరేచోట ఈడీ వేయడాన్ని ఒప్పుకోవు. జార్జ్‌టౌన్ ఎర్లీ యాక్షన్ కూడా ఇంకోచోట ఈడీతో కలవదు.

యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్‌కు అక్టోబర్ 15 లోపు ఎర్లీ యాక్షన్ వేశాం. టెక్సస్‌లో క్లాసు పైభాగంలో ఉన్నవాళ్లకు పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ ప్రవేశం ఉంది. కానీ ఆస్టిన్ 2026 బ్యాచ్‌కు ఆ గీతను 5 శాతానికి దించింది. ఏడున్నర శాతం అమ్మాయి అప్లికేషన్‌ను అక్కడ మొత్తంగా చూసి తేలుస్తారు. ఆటోమేటిక్ అయినా గ్యారంటీ యూనివర్సిటీ వరకే, కంప్యూటర్ సైన్స్‌కు కాదు. యూటీ డల్లాస్‌లో పది శాతం నియమం వర్తిస్తుంది.

చాలామంది తెలుగు కుటుంబాలు ఇక్కడ ఇంకో పొరపాటు చేస్తాయి. టెక్సస్ అప్లికేషన్‌లోని రెసిడెన్సీ ప్రశ్నల దగ్గర వీసా అనగానే "ఇంటర్నేషనల్" అనుకుని వదిలేస్తారు. హెచ్‌1బీ, హెచ్‌4 ఉన్నవాళ్లు టెక్సస్‌లో స్థిర నివాసం చూపి ఇన్-స్టేట్ ఫీజుకు అర్హులు కావచ్చు. ఆస్టిన్‌లో ఇన్-స్టేట్ విద్యార్థికి హాస్టల్‌తో కలిపి ఏడాదికి అయ్యేది 30 వేల డాలర్ల పైచిలుకు. ఈ ప్రశ్నలు తప్పుగా నింపితే ఆ అంకె రెట్టింపు దాటిపోతుంది.

స్కూల్ కౌన్సెలర్‌ను అమ్మాయి కలిసి ఈడీ, హెచ్‌4, ఎయిడ్ అవసరం మూడూ ముందే చెప్పింది. నాలుగైదు వందల మంది పిల్లలను చూసే కౌన్సెలర్‌కు ఆ పది నిమిషాల మాట డిసెంబర్‌లో ఎంత పనికొచ్చిందో చెప్పలేం. హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతూ ఈడీ వేసే పిల్లల విషయంలో ఈ పని రెట్టింపు ముఖ్యం. అక్కడ సంతకం చేసేది కాలేజీ ప్రిన్సిపాల్, తాను దేనికి మాట ఇస్తున్నారో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

నవంబర్ 1కి ఈడీ వెళ్లింది, ఎయిడ్ కావాలన్న టిక్కుతో.

ఫ్లాట్

ఎయిడ్ కోసం ఆదాయం, ఆస్తులు రాసే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారంలో ఇతర స్థిరాస్తుల గడి ఉంటుంది. ఆస్తి ఏ దేశంలో ఉన్నా రాయాలి: మార్కెట్ విలువ, బాకీ, కొన్న సంవత్సరం. ఇండియా ఆస్తి ఎవరికి తెలుస్తుందిలే అనే ధోరణి ప్రమాదం. ఆ ఫ్లాట్ అద్దె టాక్స్ రిటర్నులో షెడ్యూల్ ఇ కింద కనిపిస్తూనే ఉంది. దాచితే అప్పీల్ సంగతి అటుంచి సీటే పోవచ్చు.

వీళ్లు దాచలేదు. ఉన్నదానికన్నా ఎక్కువ రాశారు. ఫ్లాట్ విలువ 1 కోటీ 10 లక్షలు, డాలరుకు 88 రూపాయల లెక్కన 1,25,000 డాలర్లు. గడువు రోజు నాన్న హడావిడిగా మొత్తం వేసి పంపారు. నిజానికి రిజిస్ట్రేషన్ ఆయన పేరా, అమ్మాయి బాబాయి పేరా సగం సగం ఉంది. ఆ సంగతి డిసెంబర్‌లో బయటపడింది.

డిసెంబర్

నెల మధ్యలో సీటు వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచుకున్న రెండో రోజు అవార్డ్ లెటర్ తెరిచారు. మొత్తం సాయం 29,000 అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. కింద రెండు లైన్లు: గ్రాంట్ 26,000, క్యాంపస్ ఉద్యోగం 3,000.

హెచ్‌4 విద్యార్థికి పనిచేసే అనుమతి లేదు, క్యాంపస్‌లో కూడా. ఎఫ్‌1 విద్యార్థి వీసా వాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసిన లైను అది. దాన్ని కొట్టేస్తే కుటుంబం వాటా 63,000 కాదు, 66,000. తీయగలిగింది 48,000. మొదటి ఏడాదికే 18,000 తక్కువ.

అవసరాన్ని నూటికి నూరు శాతం తీరుస్తామని ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంది. అబద్ధం కాదు. అవసరం ఎంతో లెక్కగట్టేది వాళ్లు.

డిసెంబర్ 24 నుంచి జనవరి 1 దాకా ఆఫీసులుండవు. కాబట్టి అప్పీల్ మూడు పనిదినాల్లో వెళ్లాలి. అది ఎయిడ్ ఆఫీసుకే, అడ్మిషన్ ఆఫీసుకు కాదు. ఒకటిన్నర పేజీ లేఖలో మూడు అంశాలు: ఫ్లాట్‌లో సగం వాటాయే తమదని, సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లున్న పేజీ, ఈసీ కాపీ. హెచ్‌4 మీద ఉద్యోగం చేయడానికి లేదని ఒక్క వాక్యం. హైదరాబాద్‌లో నానమ్మ డయాలసిస్‌కు నెలకు 40,000 రూపాయలు పంపుతున్నారని బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆస్పత్రి బిల్లులు. చివర్లో అంకె సూటిగా రాయాలి: "ఏటా 48,000 డాలర్లు చెల్లించగలం, దాని వివరం ఇదీ." ఇంకొంచెం సాయం చేయండి అని బతిమాలే లేఖతో పని జరగదు. కోరిన అంకె లేకపోతే ఇచ్చేవాళ్లకు కొలత ఉండదు.

ఈలోగా రెగ్యులర్ డెసిషన్ (మామూలు రౌండ్) గడువులు జనవరి 1, 5 తేదీల్లో ముంచుకొస్తున్నాయి. ఇక్కడ కుటుంబం గందరగోళపడింది. సీటు వచ్చాక కొత్త అప్లికేషన్లు వేయడం మోసం కాదా అని అమ్మ అడిగారు, న్యాయమైన ప్రశ్న. వేసి ఉన్నవాటిని ఎయిడ్ తేలేదాకా ఉంచుకోవచ్చని ఒప్పందమే చెబుతోంది. కొత్తవి వేయడం గురించి అందులో సూటిగా లేదు. కౌన్సెలర్‌ను అడిగితే, అప్పీల్ నడుస్తున్నట్టు తన దగ్గర రాతలో ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ పంపుతానన్నారు. అప్పీల్ కాపీ ఆమెకు వెళ్లింది, రెండే రెగ్యులర్ అప్లికేషన్లు పడ్డాయి. ఎయిడ్ అడగని కుటుంబమైతే ఈ వెసులుబాటు లేదు. సీటు వచ్చిన వారంలోనే అన్నీ వెనక్కి తీసుకోవాల్సిందే, ఆస్టిన్ ఫలితం జనవరి 15న వస్తుందని తెలిసినా సరే.

విడుదల

జనవరి మొదటి వారంలో సవరించిన లెటర్ వచ్చింది. ఫ్లాట్ సగానికి తగ్గినందుకు 2,500 పెరిగింది. ఉద్యోగం లైను తీసేసి ఆ 3,000 గ్రాంట్‌లో కలిపారు. డయాలసిస్ ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు. గ్రాంట్ 31,500 అయింది.

మొదటి ఏడాది తేడా 12,500. ఇంట్లో మళ్లీ ఆశ మొలిచింది, ఎలాగో సర్దుదాం అని. పాత కాగితం మళ్లీ తీశాం. గ్రాంట్ అంతే ఉండి ఫీజులు మాత్రం పెరిగితే నాలుగేళ్ల ఖర్చు 3,90,674లోంచి 1,26,000 తీసేయాలి, కుటుంబం మీద పడేది 2,64,674. ఉన్నది 1,92,000. లోటు 72,674 డాలర్లు. ఏడాదికి 12,500 చొప్పున వేస్తే 50,000 అనిపించే లోటు అసలు అంకెలో ఇంత. కాలేజీ గ్రాంట్‌ను ఏటా పెంచవచ్చు, పెంచకపోవచ్చు. పెంచుతామన్న మాట లెటర్లో లేదు. మూడో ఏడాదిలో అమ్మాయికి 21 నిండుతాయి, అప్పటికి ఎఫ్‌1కు మారాలి. ఆ ఖర్చు, అనిశ్చితి వేరే.

విడుదల కోరుతూ లేఖ అడ్మిషన్ ఆఫీసుకు, కాపీ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లింది. ఐదే వాక్యాలు: సీటుకు కృతజ్ఞత, అప్పీల్ చేసిన తేదీ, సవరించిన గ్రాంట్, తాము చెల్లించగలిగింది, ఒప్పందంలోని ఎయిడ్ నిబంధన ప్రకారం విడుదల కోరుతున్నామన్న వాక్యం. వేరే కాలేజీ ప్రస్తావన అందులో ఉండకూడదు. "ఆస్టిన్‌లో తక్కువకు వస్తోంది" అని రాశారంటే అది బేరమవుతుంది. ఇక్కడ ప్రశ్న స్తోమత గురించే.

నాలుగు రోజుల్లో విడుదల లెటర్ వచ్చింది. అదేరోజు కౌన్సెలర్‌కు కాపీ పంపాం. ఆ లెటర్ తీసుకోకుండా, డిపాజిట్ కట్టలేదు కదా అని ఊరుకుంటే, కాలేజీ రికార్డులో అమ్మాయి ఒప్పందం తప్పినట్టే ఉండిపోయేది.

జనవరి 15న ఆస్టిన్ సీటిచ్చింది, కంప్యూటర్ సైన్స్‌లో కాదు, రెండో ఎంపికగా రాసిన గణితంలో. యూటీ డల్లాస్‌లో కంప్యూటర్ సైన్స్‌కు సీటు, మెరిట్ స్కాలర్‌షిప్ కలిసి వచ్చాయి. ఇంటి నుంచి అరగంట దూరం. ఫిబ్రవరి దాకా రెండింటి మధ్య ఊగి, డల్లాస్ ఖాయం చేసుకున్నారు.

మధ్యలో నాన్న ఇంకో ప్రశ్న తెచ్చారు: విడుదలయ్యాం కదా, ఎవరైనా ఆలస్యంగా తీసుకుంటే ఈడీ రెండో రౌండ్ వేద్దామా? నియమం ప్రకారం అడ్డులేదు. మొదటి ఈడీలో తిరస్కరించినా, వాయిదా వేసినా, రాతపూర్వకంగా విడుదల చేసినా రెండోసారి వేయవచ్చు. కానీ రెండో రౌండ్ గడువులు చాలావరకు జనవరి మొదటి వారంతోనే పోతాయి. అసలు సంగతి, ఆ జాబితాలోని కాలేజీలన్నీ 90 వేల డాలర్ల చుట్టుపక్కలవే, హెచ్‌4ను విదేశీ గుంపులోనే చూసేవే. మూడోసారి కాగితం తీయాల్సిన అవసరం రాలేదు. ఆయనే వద్దన్నారు.